ఎవరిని చదువుకున్నవాళ్లు అనాలి? మూడు సీమ జిల్లాల అనుభవం

2011 జనాభా లెక్కల ప్రకారం పాత కర్నూలు జిల్లాలో ఏడేళ్లు, ఆపై వయసున్నవాళ్లలో అక్షరాస్యులు దాదాపు 60 శాతం. అనంతపురంలో 63.6, కడపలో 67.3. ఈ అంకెలు తరచూ పేపర్లలో కనిపిస్తాయి గానీ, వాటి వెనకున్న నిర్వచనాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఏ భాషలోనైనా సరే, అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితేనే ఆ మనిషిని అక్షరాస్యుల్లో లెక్కించాలి. బడికి పోయి ఉండాలన్న నియమం లేదు. చదవడం వచ్చి రాయడం రాకపోతే లెక్కలోకి రారు. నిర్వచనం ఇంత స్పష్టంగా ఉన్నా, లెక్కలు రాసుకోవడానికి గడప ముందు నిలబడిన మనిషి అడిగేది ‘చదువొచ్చా?’ అనే. ఇంట్లోవాళ్లు వచ్చంటే వచ్చినట్టు, రాదంటే రానట్టు. అర్థమవుతోందా లేదా అని సాధారణంగా ఎవరూ పరీక్ష పెట్టి చూడరు.

ఊళ్లో కొలత ఇంకొకటి. డిగ్రీ ఉండాలి, ఇంజనీరింగో ఎంబీబీఎస్సో అయితే మరీ మంచిది, దాని వెంట ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం రాకపోతే పదహారేళ్ల చదువూ దండగ కింద లెక్క. ప్రభుత్వం కొలతలో అక్షరాలు, ఊరి కొలతలో జీతం. చదివింది అర్థమైందా, అర్థమైనదాంతో ఆ మనిషి ఏం చేయగలడు అన్న ప్రశ్న రెంటిలోనూ పక్కకు పోయింది. ఒక మనిషిని చదువుకున్నవాడు అనడానికి అసలు ఆధారం ఆ ప్రశ్నే కావాలి.

ఈ సమస్య ఇవాళ్టిది కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో, ఎవరెవరు చదువుకుంటున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు (నిజాం ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన సీమ ప్రాంతానికి) ప్రధాన కలెక్టరుగా అనంతపురంలో ఉండి పనిచేసినవాడు కాబట్టి ఈ నేల అతనికి కొత్త కాదు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోదే, 1882లో గానీ విడిపోలేదు. 9 లక్షల 27 వేల జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని క్యాంప్‌బెల్ లెక్క తేల్చాడు. కన్నడం చెప్పే బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారశీకం చెప్పేవి 21, తమిళం చెప్పేవి 4, ఇంగ్లీషు బడి ఒక్కటి. బ్రాహ్మణులకు మాత్రమే సంస్కృతంలో శాస్త్రాలు చెప్పే చోట్లు మరో 23. జిల్లా మొత్తంలో బడికి పోయే ఆడపిల్లలు 60 మంది.

ఈ నివేదికను ఇప్పుడు రెండు వర్గాలవాళ్లూ తమకు కావలసినట్టు వాడుకుంటారు. తెల్లవాళ్లు రాకముందు మన చదువులు గొప్పగా ఉండేవని ఒకరు, మెజారిటీ జనానికి చదువే లేదని మరొకరు. క్యాంప్‌బెల్ రాసినదాంట్లో రెంటికీ ఆధారాలున్నాయి. ఇసుకలో వేలితో రాయించడం, పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించడం ఎంతో తక్కువ ఖర్చుతో జరిగిపోతున్నాయని, పెద్ద పిల్లల చేత చెప్పించే ఈ పద్ధతిని ఇంగ్లండులో అనుసరించడం తగిన పనేనని మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు మిల్లుగుడ్డ దిగుమతై ఇక్కడి నేతపనివాళ్ల చేతిలో డబ్బు ఆడకుండా పోయిందని, పేదరికం పెరిగి ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేకుండా పోయాయని తన ప్రభుత్వానికే రాసి పంపాడు. కానీ ఇరుపక్షాలూ దాటేసి పోయే మాట ఒకటి అదే నివేదికలో ఉంది. పిల్లలు పద్యాలకు పద్యాలు తప్పు లేకుండా అప్పజెబుతున్నారు గానీ, వాటి అర్థం వాళ్లకు తెలిసింది పలుకులు నేర్పిన చిలకకు తెలిసినంతే అన్నాడు. బడిలో చదివే పుస్తకాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు కావడం దీనికి కారణమని గుర్తించాడు. ఇది తెలుగు రానివాడి తీర్పు కూడా కాదు. 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసిన మనిషి అతను.

కంఠతా పట్టడంలో తప్పేమీ లేదు. చిన్నప్పుడు నోటికి వచ్చిన పద్యం అర్థం నలభై ఏళ్ల వయసులో తట్టినవాళ్లు సీమలో ఎందరో ఉన్నారు. చదువు అక్కడితోనే ఆగిపోవడం, ఆగిపోయిందన్న సంగతి బడికీ ఇంటికీ పట్టకపోవడం అసలు నష్టం. రెండు వందల ఏళ్లలో పద్యం పోయి ఫార్ములా వచ్చింది. ఇసుక పోయి ఓఎంఆర్ షీటు వచ్చింది. బడిభాషకూ ఇంటిభాషకూ మధ్య ఉన్న దూరం మాత్రం పెరిగింది. ఇంటి దగ్గర తెలుగో ఉర్దూనో కన్నడమో మాట్లాడే పిల్లవాడు ఇంటర్‌లో ఫిజిక్స్‌ను ఇంగ్లీషులో బిట్లు బిట్లుగా మింగుతున్నాడు. దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి స్థాయి పేరా చదవలేకపోతున్నారని పిల్లలకు ఏపాటి చదువు వచ్చిందో ఇంటింటికీ వెళ్లి చూసే ‘అసర్’ సర్వేలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. ‘చదవేస్తే ఉన్న మతి పోయింది’ అన్న సామెత పిల్లల మీద విసిరేది కాదు. ఆ మాట తగలాల్సింది చదివించే పద్ధతికి.

నంద్యాల సంగతి చూద్దాం. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు ఆ ఊరికి రాష్ట్రమంతటా పేరుంది. ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ, మెస్సులో తింటూ, పొద్దున లేచిందగ్గర్నుంచీ రీజనింగ్, ఆప్టిట్యూడ్ సాధన చేసే పిల్లలు ఆ వీధుల నిండా కనిపిస్తారు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్లకు సీమలో బతుకు తెరువు ఎంత కష్టమో తెలియదనుకోవాలి. వాన మీద నమ్మకం లేని నేలలో నెలజీతం అంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం. 2025లో ప్రకటించిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే వాటి కోసం ఎన్ని ఇళ్లు ఎంత టెన్షన్ పడ్డాయో ప్రతి ఊరికీ తెలుసు. ఉద్యోగం కోసం చదవడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. అయితే అలాంటి పరీక్ష ఒక మనిషిని ఎందరిలోంచి ఏరుతుందో చెబుతుంది గానీ, ఆ మనిషికి ఏం తెలుసో చెప్పదు. ఏరివేతకు వాడే సాధనాన్ని చదువు కొలతగా వాడడం మొదలుపెట్టాక, పరీక్ష గట్టెక్కని లక్షల మంది తమకు చదువు రాలేదని నమ్మేస్తున్నారు. గట్టెక్కినవాళ్లు తమకు ఇక నేర్చుకోవాల్సింది లేదనుకుంటున్నారు. ఈ రెండో నష్టం పెద్దగా చర్చకు రాదు గానీ సమాజానికి అదే ఎక్కువ ఖరీదు.

పరీక్షకూ పాండిత్యానికీ ఉన్న సంబంధం ఎంత వదులుగా ఉండగలదో పుట్టపర్తి నారాయణాచార్యుల జీవితం చూపిస్తుంది. అనంతపురం జిల్లా చియ్యేడులో 1914లో పుట్టిన ఆయన ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యాన్ని ఇంకా కుర్రవాడిగా ఉండగానే రాశారు. తర్వాత కొన్నేళ్లకు విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, ఆ కావ్యమే ఆయనకు పాఠ్యపుస్తకంగా ఎదురైంది. కావ్యం రాసినవాడికి దాన్ని పాఠం చెప్పే ఉద్యోగం కావాలన్నా పట్టా కావాల్సిందే. ప్రొద్దుటూరులో, కడపలో తెలుగు పండితుడిగా బతికిన ఆయనకు పద్నాలుగు భాషలు తెలుసని పేరు. ఆ భాషల్లో చాలావరకు ఏ సిలబస్సూ అడగనివి, ఇష్టంతో సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్నవి.

ఇక, ఊళ్లో చదువుకున్న మనిషి అవసరం నిజంగా ఎప్పుడు పడుతుంది? కాగితం వచ్చినప్పుడు. బ్యాంకు నోటీసు, కోర్టు సమను, ఆసుపత్రి రిపోర్టు, భూమి పత్రం, బీమా ఫారం. ‘ఏం నాయనా, సదువుకున్నోడివి కదా, ఈ కాగితం రోంత సూడు’ అని ఒక పెద్దాయన అడుగుతాడు. అక్కడ అక్షరాలు చదివి వినిపిస్తే సరిపోదు.

పంటల బీమానే తీసుకుందాం. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు పడుతుందో లేదో తెలియదు. పంట ఎండిపోయిన రైతు ప్రీమియం కట్టాడు కాబట్టి పరిహారం వస్తుందనుకుంటాడు. అన్నిసార్లూ రాదు. 2016 నుంచి దేశంలో అమలవుతున్న ఫసల్ బీమా పథకంలో మామూలుగా దిగుబడి నష్టాన్ని ఒక్కో రైతు పొలానికి విడిగా లెక్కగట్టరు. గ్రామాన్నో మండలాన్నో ఒక యూనిట్‌గా తీసుకుని, అక్కడ పంటకోత ప్రయోగాల్లో తేలిన సగటు దిగుబడిని ముందే ఖాయం చేసిన ఒక స్థాయితో పోలుస్తారు. సగటు ఆ స్థాయికి పైన ఉంటే, తన చేను పూర్తిగా పోయిన రైతుకు కూడా ఏమీ రాదు. ఈ సంగతి పెద్దాయనకు ఆయన మాటల్లో చెప్పగలగడం, ఏ అధికారిని ఏ లెక్క అడగాలో సూచించడం, అర్జీ రాసిపెట్టడం... ఇవి చేయగలిగినవాడికి చదువు పనికొచ్చినట్టు. ఎంటెక్ చదివి కూడా ‘అదంతా ఆఫీసులో అడుగు పెద్దాయనా’ అని కాగితం తిరిగిచ్చేవాడికి అర్థం కాకపోవడమే కారణం కాకపోవచ్చు. ఇది తన పని కాదని చదువు అతనికి నేర్పి ఉండవచ్చు. కలెక్టరాఫీసుల బయట డబ్బులు తీసుకుని అర్జీలు రాసిపెట్టేవాళ్ల దగ్గర మూగే జనంలో పట్టభద్రులున్న ఇళ్లవాళ్లూ ఉంటారు. అది మన డిగ్రీల గురించి గట్టిగానే మాట్లాడుతోంది.

దీనికి ఎదురుగా ఒక వాదన వినిపిస్తుంది. చదువు రాని రైతుకు తెలిసినంత డిగ్రీవాడికి తెలియదు, అసలైన చదువరి రైతే అని. ఇందులో నిజం ఉంది. పదును చేతికి తెలుస్తుంది, ఏ కార్తెలో ఏది విత్తాలో నోటికి వస్తుంది, వాన మోసం చేసినా ఏదో ఒకటి చేతికి రావాలని శనక్కాయ సాళ్ల మధ్య కంది సాలు వేస్తారు. తరాల పరిశీలన అందులో ఉంది. కానీ ఆ అనుభవాన్ని నెత్తిన పెట్టుకుని అక్కడే ఆగితే రైతుకే నష్టం. బావి నీళ్ల కాలంలో పుట్టిన తెలివి వందల అడుగుల లోతు బోర్ల కాలానికి చాలదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడిచి, అది లేచి నిలబడ్డ చోట బోరు వేయమనే పద్ధతికి శాస్త్రం ఆధారం లేదు. దాన్ని నమ్మి ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేసి అప్పుల పాలైన కుటుంబాలు ఈ మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆ టెంకాయ మనిషిని కారులో పిలుచుకొచ్చేవాళ్లలో డిగ్రీలున్నవాళ్లకేం కొదవ లేదు. అనుభవం ఒక్కటే చాలదు, పట్టా ఒక్కటే చాలదు.

ఈ రెంటినీ కలిపిన ప్రయత్నం ఒకటి ఇక్కడే జరిగింది. దాని గురించి తెలియాల్సినంతగా మనవాళ్లకు తెలియదు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, నంద్యాల కేంద్రంగా పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ ముందుండి, అనంతపురం, కర్నూలు, కడప సహా ఏడు కరవు జిల్లాల్లో భూగర్భజలాల పథకం నడిపింది. ఎక్కడైనా కనిపించే పద్ధతి ఏమిటంటే, ఇంజనీర్లు కొలిచి నివేదిక రాస్తారు, అది బీరువాలో పడి ఉంటుంది. ఇక్కడ కొలిచింది రైతులే. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం ఎంత లోతున ఉందో చూశారు. ఊళ్లో వానమాపకం పెట్టుకుని పడిన ప్రతి వానా రాసుకున్నారు. బోరు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో లెక్కగట్టారు. ఆ అంకెలన్నీ ఊళ్లో అందరికీ కనబడేలా బోర్డుల మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేద్దామనుకుంటున్న పంటలకు కావలసిన నీళ్లెన్ని అని పద్దు వేశారు. లోటు తేలితే ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. నిర్ణయం ఎవరికి వాళ్లదే. అయినా చాలా ఊళ్లలో వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. లెక్క తమ చేత్తో కట్టింది కాబట్టి నమ్మారు.

ఆ రైతుల్లో చాలామంది బడి మెట్లు ఎక్కువ ఎక్కినవాళ్లు కాదు. అయినా కొలిచారు, రాశారు, అంకెను చూసి అలవాటు మార్చుకున్నారు, తమ బోరు నీళ్ల గురించి తెలిసిన సంగతి పక్కవాడికి దాచలేదు. బోరు యజమాని తన నీటి లెక్క ఊరి ముందు పెట్టడమంటే చిన్న విషయం కాదు. పొలం పక్కన పొలంలో ఎవరి బోరు ఎండితే ఎవరికి లాభమో తెలిసిన సమాజం ఇది. చదువుకున్న మనుషులు ఎలా ప్రవర్తిస్తారు అంటే చూపించడానికి ఏ యూనివర్సిటీ స్నాతకోత్సవం కన్నా ఆ రబీ ముందటి సమావేశాలు మంచి ఉదాహరణ.

అంటే యూనివర్సిటీలు అక్కర్లేదని కాదు. అనంతపురంలో దత్తమండల కళాశాల 1916లోనే మొదలైంది, ఇప్పుడది ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. అదే ఊళ్లో 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. కడపకు 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలుకు 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం. చదువుకునే చోట్లకు ఇవాళ పెద్దగా కొరత లేదు. ఆ చోట్లలో ఏ అలవాటు అబ్బుతోందన్నది అడగాలి.

విన్నదాన్ని సరిచూసుకునే అలవాటు అన్నిటికన్నా ముందు అబ్బాలి. ఈ మధ్య ‘డిజిటల్ అరెస్ట్’ అని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు దోచుకునే మోసాలు పెరిగాయి. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. అయినా బలైనవాళ్లలో రిటైరైన ఉద్యోగులు, డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్నారు. వాళ్లకు తెలివి లేదనడం అన్యాయం. అధికారం ఉన్నట్టు మాట్లాడే గొంతును ఎదురు ప్రశ్న అడగకూడదని మన బడులు నేర్పినదాన్ని వాళ్లు శ్రద్ధగా నేర్చుకున్నారు. పంతులు చెప్పింది రాసుకోవడం, గైడులో ఉన్నది అప్పజెప్పడం, అనుమానం వచ్చినా నోరు మెదపకపోవడం పన్నెండు పదిహేనేళ్ల పాటు సాధన చేసిన మనిషి, ఫోన్‌లో పోలీసు యూనిఫాం కనబడగానే ఒక్కసారిగా ‘మీరెవరు, ఏ సెక్షన్ కింద?’ అని ఎలా అడగగలడు?

సరిచూసుకోవడం ఎలా ఉంటుందో కడపలో ఒకప్పుడు జరిగిన పనే చూపిస్తుంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, ఆ ఊళ్లో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదాంతో ఒకటి పోల్చి పాఠాంతరాలు గుర్తించే ఏర్పాటు చేశాడు. వేమన పద్యాలు 1829లో అలాంటి శ్రమలోంచే అచ్చయ్యాయి. ఒక్క ప్రతి దొరగ్గానే ఇదే అసలైనదని అనుకోలేదు. ఏ లేఖకుడు ఎక్కడ పొరబడి ఉంటాడో అని వెదికారు. బ్రౌన్ పేరు మాత్రమే చరిత్రలో పెద్దగా మిగిలింది గానీ, అక్షరం అక్షరం పోల్చి చూసిన ఆ పండితుల కష్టం తక్కువది కాదు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన మాటను ఇంకో రెండు చోట్ల చూసి గానీ నమ్మని, ఇంకొకరికి పంపని పిల్ల చేస్తున్నదీ ఆ కోవ పనే.

తెలుసుకున్నది నడవడిలోకి రావడం ఇంకా కష్టం, ఇక్కడ సీమ చదువులు బాగా వెనకబడి ఉన్నాయి. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమని 1961 నాటి చట్టం చెబుతోంది. డిగ్రీ పెరిగే కొద్దీ కట్నం పెరుగుతుందని ఏ పెళ్లిళ్ల పేరయ్యనడిగినా చెబుతాడు. డాక్టరుకు ఒక రేటు, సాఫ్ట్‌వేరు వాళ్లకు ఒకటి, గ్రూప్ వన్ అధికారికి ఇంకొకటి. చట్టం తెలియక జరిగేది కాదు ఇది. అన్నీ తెలిసినవాళ్లు, కొందరు ఆ చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్లు చేసే పని. కులం పేరు అడగకుండా ఇల్లు అద్దెకివ్వని పట్టభద్రుల సంగతీ ఇంతే. వాళ్లకు సమాచారం ఉంది, సర్టిఫికెట్లున్నాయి. చదువుకున్నవాళ్లు అనడానికి మాత్రం నోరు రాదు. రానక్కర్లేదు కూడా.

ఈ పట్టా వెనక ఉండాల్సిన మనిషి ఎలా ఉంటాడో కర్నూలులోనే ఒకరు కనిపిస్తారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో ఆ ఊళ్లో పుట్టారు. ఎం.ఏ. చదివి, ఉపాధ్యాయ శిక్షణకు రాజమండ్రి చేరారు. 1907లో వందేమాతరం ఉద్యమంలో అక్కడి కళాశాల నుంచి ఆయన్ని బయటికి పంపేశారు. మరుసటి ఏడు ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ శక్తి పెట్టింది గ్రంథాలయాల మీద, పెద్దవాళ్ల చదువు మీద. ఆ రోజుల్లో ఎం.ఏ. పట్టా ఉన్నవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. ఆయనకు సౌకర్యమైన దారులు ఉండకపోలేదు. బడి వయసు దాటిపోయిన కూలీకి, రైతుకు అక్షరం, పత్రిక, పుస్తకం అందాలన్నదాన్నే జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. తన చదువు చుట్టుపక్కలవాళ్ల నిస్సహాయతను కొంతైనా తగ్గించాలనుకున్న మనిషి అలాగే ఆలోచిస్తాడు.

ఆ పని ఇంకా మిగిలే ఉంది. 2011 లెక్కల్లో కర్నూలు జిల్లా మహిళల్లో సగం మందికి చదవడం రాయడం రాదు. పడమటి మండలాల్లో, కోసిగి, పెద్దకడుబూరు వైపు, పనుల్లేని నెలల్లో కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు. అమ్మతో పాటు పిల్లలూ పోతారు. తిరిగొచ్చేసరికి బడిలో పాఠాలు చాలా దూరం పోయి ఉంటాయి. వలస పోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి పెట్టిన సీజనల్ హాస్టళ్లు ఏ నెలలో తెరుస్తారన్నదాని మీద ఆ పిల్లల చదువు ఆధారపడి ఉంటుంది. బండ్లు కదిలాక తెరిచిన హాస్టల్‌తో ప్రయోజనం లేదు. ఊళ్లోని టీచరు, సచివాలయం ఉద్యోగి, డిగ్రీ చదివిన కుర్రాళ్లు ఆ సంగతి సరైన సమయంలో పై అధికారికి రాసి పంపితే కొన్ని పదుల మంది పిల్లలు ఆ ఏడాది ఊళ్లో మిగులుతారు.

అదే ఊళ్లలో పొదుపు సంఘాలున్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదా, పుస్తకాల నిర్వహణ అని వాటికి పంచసూత్రాలు. మొదటి నాలుగూ చదువు రాని మహిళలే దశాబ్దాలుగా నడుపుకొస్తున్నారు. ఐదోదాని దగ్గర, పద్దు రాసే ఒక్క అమ్మాయి మీద సంఘమంతా ఆధారపడుతుంది. ఆమె ఇంటర్ తప్పి ఉండవచ్చు, డిగ్రీ మధ్యలో ఆపేసి ఉండవచ్చు. సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడానికి ముందు ఎవరి పేరున ఎంత అప్పు, ఎంత వడ్డీ, బ్యాంకులో ఎంత మిగిలిందో ఒక్కొక్క పద్దూ గట్టిగా చదివి, ‘సరిపోయిందా అక్కా, మీ లెక్క ఇంతేనా?’ అని అడిగి, తేడా వస్తే అక్కడే దిద్దే అమ్మాయి ఉన్న సంఘంలో, కొన్నాళ్లకు చదువు రాని ఆడవాళ్లు కూడా వడ్డీ లెక్క నోటితో కట్టడం మొదలుపెడతారు, బ్యాంకు మేనేజరును నిలదీసి అడుగుతారు.